సొరంగంలోకి రోబోని పంపితే సరిపోతుందా?

మొన్న లంచ్ దగ్గర గాజా సొరంగాల మీద చర్చ వచ్చింది. "ఈ రోజుల్లో కూడా సైనికులకి సొరంగాల్లో పోరాటం నేర్పడం దండగరా. నాలుగు డ్రోన్లు, రెండు రోబోలు వదిలితే పోలా?" అన్నాడు మా టీములో ఒకడు. చుట్టూ ఉన్నోళ్ళంతా తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. అక్కడ వాదించింది చాలక ఇక్కడ కూడా రాస్తున్నాను.

అసలు భూమి కింద ఏవి పనిచేస్తాయి? జీపీయస్ అందదు. రేడియో రెండు మలుపులు తిరిగేసరికి మూగబోతుంది. నైట్ విజన్ కళ్ళద్దాలు ఉన్న కాస్త వెలుతురునే పెంచి చూపిస్తాయి, చుక్క వెలుతురు లేనిచోట ఇన్‌ఫ్రారెడ్ దీపం తోడు లేకపోతే అవీ గుడ్డివే. ఇరుకు గోడల మధ్య తుపాకీ పేలిస్తే ముందు పోయేది మన చెవులే.

ఇక రోబోల సంగతి. డార్పా వాళ్ళు సరిగ్గా దీనికోసమే ఒక పోటీ పెట్టారు. 2021 సెప్టెంబరులో అమెరికాలోని లూయివిల్‌లో ఫైనల్. మహామహా జట్లు, ఏళ్ళ తరబడి కష్టం. గెలిచిన సెర్బెరస్ జట్టు రోబోలు గంటలో కనిపెట్టింది 40 వస్తువుల్లో 23. ఇంజినీరుగా నేనైతే లేచి నిలబడి చప్పట్లు కొడతాను. కానీ అక్కడ రోబోల మీద ఎవడూ కాల్పులు జరపలేదు, దారిలో ఎవడూ బాంబు పాతలేదు. అది టెస్ట్ ఎన్విరాన్మెంట్ బాబూ, ప్రొడక్షన్ కాదు! మిగిలిన 17 దగ్గరికి ఎవరు వెళ్ళాలి?

యుద్ధం ఊసు లేని సిల్క్యారాలోనే, 2023 నవంబరులో, ఆగర్ యంత్రం విరిగిపోయాక చివరి మీటర్లు మనుషులే చేత్తో తవ్వి 41 మందిని బయటికి తెచ్చారు.

శిక్షణ లేకుండా దిగితే ఏమవుతుందో వియత్నాంలో తెలిసింది. 1966లో అమెరికా 25వ డివిజన్ కూ చీలో తన స్థావరాన్ని తెలియకుండా సొరంగాల పక్కనే, పైనే కట్టుకుంది. పొగ పెడితే నీళ్ళు నింపిన వంపులు అడ్డొచ్చాయి. కుక్కల్ని దింపితే వాసన తెలీకుండా మిరియాలు చల్లారు. చివరికి సన్నగా పొట్టిగా ఉన్న కుర్రాళ్ళు ఒక టార్చి, ఒక పిస్తోలు, ఒక కత్తి పట్టుకుని పాక్కుంటూ దిగారు. చాలావరకు లోపలే నేర్చుకున్నారు, ముందు వెళ్ళి తిరిగిరాని వాళ్ళని చూసి. యుద్ధం అయ్యాక ఆ విద్య, కేటీ ఇవ్వకుండా రిజైన్ చేసినవాడి కోడ్ లాగా, అటకెక్కింది. 2019లో అమెరికా సైన్యం భూగర్భ పోరాటం మీద మళ్ళీ మాన్యువల్ రాసుకోవాల్సొచ్చింది.

మనకెందుకు అంటారా? 2020 నవంబరులో నగ్రోటా ఎన్‌కౌంటర్ తర్వాత సాంబా దగ్గర సరిహద్దు కింద సొరంగం బయటపడింది. అలాంటివి దొరికినప్పుడు లోపలేముందో చూడాల్సింది ఎవరో బీయస్ఎఫ్ జవానే.

రోబోని ముందు పంపొద్దని నేననట్లేదు, తప్పకుండా పంపాలి. దాని వెనక వెళ్ళేవాడికి మాత్రం నిజమైన చీకట్లో, నిజమైన ఇరుకులో నెలల తరబడి అలవాటు చేయాలంటున్నాను. గాలి పాడైందని ఎలా పసిగట్టాలో, దారి తప్పితే గోడ పట్టుకుని ఎలా వెనక్కి రావాలో చెయ్యి నేర్చుకోవాలి. భయపడేవాణ్ణి పైనే గుర్తించి, చిన్నతనం కాకుండా పక్కకి తప్పించాలి. మనం నెక్స్ట్ నెక్స్ట్ నొక్కి ముగించే కంప్లయెన్స్ ట్రైనింగ్ కాదు కదా ఇది.

అన్నట్టు, రోబోలు పంపమన్న మావాడు కిందటేడు కరెంటు పోయి నాతోపాటు లిఫ్టులో ఇరుక్కున్నాడు. ఏడే ఏడు నిమిషాలు. వాచ్‌మన్ తలుపు తీసేసరికి చెమటతో చొక్కా తడిసి ముద్దయింది, మళ్ళీ నెలరోజులు ఎనిమిది అంతస్తులూ మెట్లే ఎక్కాడు.