తుడుము కడుపులో ఏమున్నది?

అరకు ధింసా చూచివచ్చినవారు అడుగుల అందాన్నే వర్ణిస్తారు, తుడుము ఊసెత్తరు. డప్పు అంటే చట్రానికి బిగించిన చర్మమే, వెనుక అంతా ఆరుబయలు. తుడుముకు గిన్నె వంటి కడుపున్నది. అందులో చిక్కుకున్న గాలి చర్మపు కదలికను మార్చివేస్తుంది. అందుకే డప్పు పలుకు వేరు, తుడుము గాంభీర్యం వేరు. (డొల్ల అంటే మనకు తిట్టు. వాద్యానికి అదే ప్రాణం!)

విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ 1920లోనే మృదంగ నాదాన్ని శాస్త్రదృష్టితో వివరించాడు. మన్యపు వాద్యాలనూ అంత శ్రద్ధగా పరిశీలించాలి. అద్దాల బీరువాలో పెట్టి పేరుచీటీ అంటిస్తే చాలదు. ఛాయాచిత్రంలో లోపలి కొలత కనబడదు. కడుపు లోతెంత, అంచు మందమెంత, తోలు ఏ జంతువుది, సెగకు ఎంతసేపు కాచాలి - ఇవన్నీ చేసే పెద్దలనే అడిగి, వారుండగానే వ్రాసుకోవాలి.