దూదేకే విల్లుకు చరిత్రలో చోటేది?

సంగారెడ్డి పాత జైలు 1796 నాటి కట్టడమని చెబుతారు. ఖైదీలను కందికి తరలించిన తరువాత అది మ్యూజియమైంది. 2016లో జైళ్ల శాఖ అక్కడ ‘ఫీల్ ద జైల్’ పథకాన్ని ప్రారంభించింది. అప్పట్లో 500 రూపాయలు చెల్లించినవారు 24 గంటలు ఖైదీలా గడిపే వీలుండేది. ఖద్దరు దుస్తులు, పళ్లెం, గ్లాసు, జైలు భోజనం ఇచ్చేవారు. గదిని తామే ఊడ్చుకోవాల్సి ఉండేది. దీన్ని వినోదమని కొట్టిపారేయవచ్చు. అయినా అందులో ఒక పాఠముంది. గతించిన మనిషిని ఊహించుకోవడానికి బిరుదులు అక్కరలేదు. అతని పళ్లెం, పని, పూట తెలిస్తే చాలు.

మన పూర్వికులను మనం ఆ విధంగా ఎన్నడైనా ఊహించుకున్నామా? హైదరాబాద్ రాజ్యం అనగానే నిజాం నగలు, నవాబుల దేవిడీలే గుర్తుకొస్తాయి. బయటివారు ప్రతి ముస్లింనూ నిజాం వారసునిగా చూస్తారు. మనలోనూ కొందరు ఆ వైభవాన్ని తమదిగా చెప్పుకొని గర్విస్తారు. ఈ రెండు చూపుల్లోనూ సామాన్యుడు కనబడడు. 1948 పోలీసు చర్య నాటి హింసలో రాజ్యమంతటా 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. బాధిత జిల్లాల్లో మన మెదక్‌నూ పేర్కొన్నది. నిజాం మాత్రం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. రాజు పేరిట మూల్యం చెల్లించినవారి దినచర్య ఏ మ్యూజియంలోనూ లేదు.

దూదేకుల వృత్తివారినే తలచుకుందాం. భుజాన విల్లుతో ఊరూరా తిరిగి, ఎవరి అరుగు మీదనో పాత పరుపు విప్పి, నారిని కొయ్యతో కొట్టి మోగిస్తూ గడ్డకట్టిన దూదిని విడదీసేవారు. సాయంత్రానికి కనుబొమల దాకా నుసి పట్టేది. ఆ నుసి తెచ్చిన దగ్గు రాత్రివేళ ఇంట్లో ఎవరిని నిద్ర లేపిందో ఎవరు రాశారు? ఇంటి స్త్రీలు కుట్టిన బొంతలకు ఎంత కూలి ముట్టింది? వారు ఏకిన పరుపుల మీద నిద్రించిన సమాజమే ‘పింజారి’ అనే వృత్తినామాన్ని తిట్టుగా మార్చింది.

ఇది కేవలం జ్ఞాపకాల ముచ్చట కాదు. 1972లో ఇక్రిశాట్, ఆ దశాబ్దంలోనే పారిశ్రామికవాడ వచ్చాక పటాన్‌చెరు రూపమే మారిపోయింది. పొలాలు ప్రహరీల వెనక్కి పోయాయి. నక్కవాగు నీరు చెడింది. ఇటువంటి చోట పాత ఖబరస్తాన్‌కు, పీర్లకొట్టానికి కాగితం కన్నా వాడుకే పెద్ద సాక్ష్యం. పీర్ల ఆచారంపై ధార్మిక అభిప్రాయాలు ఎలా ఉన్నా, హిందూ ముస్లింలు కలిసి నడిచిన జాడ అక్కడ ఉన్నది. అయితే 2025 వక్ఫ్ సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అనే భావనను ఇకముందుకు తొలగించింది. ముందే నమోదైనవి కొనసాగినా, వివాదంలో ఉన్నవాటికి, ప్రభుత్వ భూమి అన్నవాటికి ఆ రక్షణ లేదు. 2025 సెప్టెంబరు నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడా ఈ తొలగింపును నిలిపివేయలేదు. తాతలు ఎక్కడ నమాజు చేశారు, ఎవరిని ఎక్కడ ఖననం చేశారు అన్నది ఇప్పుడు హక్కుల ప్రశ్న.

కనుక ఊహకు ఆధారం కావాలి. ఆధారం లేని ఊహ కట్టుకథ అవుతుంది. దాదీ, నానీలు ఉండగానే వారి పక్కన కూర్చుందాం. ఏ బావి నీరు తాగారు, కూలి ఎంత, అంగడికి ఏ దారిన వెళ్లారు, ఖబరు ఎవరు తవ్వేవారు అని అడిగి, తేదీ వేసి రాసుకుందాం. పెట్టెల్లోని నికాహ్‌నామాలను, అద్దె రసీదులను చెదలకు వదలవద్దు. 1954-55 ఖాస్రా పహాణీ నకళ్లను తెచ్చుకుని, ఉర్దూ చదవగల పెద్దలతో పాత దస్తావేజులను చదివించుకుందాం. ప్రతి మసీదు కమిటీ ఇందుకోసం ఒక రిజిస్టరు తెరవాలని, మొదటి పుటను ఆ మహల్లాలోని అత్యంత వృద్ధురాలి మాటలతో నింపాలని మేము కోరుతున్నాము.