పిల్లికి రీప్లేస్‌మెంట్ వారంటీ లేదండీ!

"మా దగ్గరున్నప్పుడు బాగానే ఉందండీ!"

ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? మనం రోజూ వినేదే. టెస్టింగ్ వాళ్ళు బగ్గు పట్టుకొస్తే డెవలపరు నోట్లోంచి ముందుగా వచ్చే మాట.. "నా మెషీన్లో పనిచేస్తోందే!" అని. నేనూ అన్నాను, మీరూ అనే ఉంటారు. కాకపోతే ఈసారి ఆ మాట నాతో అన్నది డెవలపరు కాదు, విశాఖపట్నంలో నాకు పిల్లికూనని దత్తతిచ్చిన పెద్దమనిషి. ఇక్కడ బగ్గు కూడా బగ్గు కాదు, రెండు నెలల ప్రాణం.

ముందు కథ చెప్పేసి, తర్వాత గొడవ పెట్టుకుంటా.

మాది సాలూరు. (2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. మా అమ్మ మాత్రం ఇప్పటికీ విజయనగరం జిల్లా అనే చెప్తుంది.) నెలకి నాలుగు రోజులు విశాఖ ఆఫీసుకి వెళ్తాను, మిగతా పనంతా ఇంటినుంచే. అలా వెళ్ళినప్పుడు ఒక శనివారం ఈ కూనని తెచ్చాను. బూడిదరంగు ఆడకూన. దాని తోబుట్టువుని అదే రోజు మా ఆఫీసులో పనిచేసే ఒకాయన తీసుకెళ్ళాడు. టీకాల సంగతి అడిగాను. "చిన్నపిల్లలు కదండీ, తర్వాత మీరే వేయించుకోండి" అన్నాడాయన. సరే అన్నాను. అది నా మొదటి తప్పు.

మంగళవారం దాకా ఇల్లంతా దానిదే. బుధవారం మంచం కింద మూలకి చేరింది, తిండి ముట్టలేదు. కొత్త చోటు కదా, బెంగ పెట్టుకుందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. గురువారం వాంతులు. శుక్రవారం మాకు రిలీజు. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ మూసి చూస్తే నీళ్ళగిన్నె మీదకి తల వాల్చి కూర్చుంది. తాగదు, అక్కణ్ణుంచి లేవదు. అది నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

అప్పుడు ఇచ్చినాయనకి ఫోన్ చేస్తే వచ్చిన జవాబే పైన మొదటి లైను.

పక్కింటి తాతగారు అరుగు మీంచి అడిగారు, "ఏటి బావూ, పిల్లికి కూడా డాట్రేనా? ఏరవతల ఒగ్గేసి రా, బతికితే బతుకుతాది." ఎదురింటి పిన్ని ఆయనకంటే మంచిది. సగం క్రోసిన్ బిళ్ళ నీళ్ళలో అరగదీసి పట్టమంది. పట్టేవాణ్ణే! ఎందుకైనా మంచిదని ఒకసారి వెతికి చూశాను కాబట్టి ఆగాను. పారాసిటమాల్ పిల్లికి విషం. మన కాలేయం ఆ మందుని విరిచి బయటకి పంపే పద్ధతి పిల్లి కాలేయానికి దాదాపు చేతకాదు. ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు ఈ టపాలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇదొక్కటి పెట్టుకోండి.

మా ఊళ్ళో పశువుల ఆసుపత్రి ఉంది, కానీ ఆ రాత్రి వేళ ఎవరుంటారు? శనివారం తెల్లవారకుండా కారు తీసి విశాఖ బయల్దేరాను. వంద కిలోమీటర్ల పైమాటే. డాక్టరు కుక్కలకి వాడే పార్వో కిట్టుతోనే పరీక్ష చేసి (పిల్లుల్లో ఈ జబ్బుకీ అదే కిట్టు పనికొస్తుందట) పాన్‌ల్యూకోపీనియా అన్నారు. సెలైన్ పెట్టారు, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆదివారం సాయంత్రం పోయింది.

"రెండ్రోజులు ముందు తెస్తే బతికేదని నేను చెప్పను. అవకాశం మాత్రం ఉండేది" అన్నారు డాక్టరు. ఆయన చాలా మర్యాదగానే చెప్పారు. అందుకే ఎక్కువ తగిలింది.

అసలు విషయం సోమవారం ఆఫీసు చాట్‌లో తెలిసింది. తోబుట్టువుకి గురువారమే అదే జబ్బు మొదలైంది. మావాడు దాన్ని డాక్టరుకి చూపించలేదు. శుక్రవారం పొద్దున్న బుట్టలో పెట్టి తీసుకెళ్ళి ఇచ్చినాయనకే అప్పజెప్పి, "ఇది సిక్ అండీ, వేరేది ఇవ్వండి" అన్నాట్ట. ఆయన పుచ్చుకుని, మిగతా కూనలున్న గదిలోనే పెట్టాడు. అంటే శుక్రవారం రాత్రి నాతో "మా దగ్గరున్నప్పుడు బాగానే ఉంది" అన్నప్పుడు దాని తోబుట్టువు ఆయనింట్లోనే వాంతులు చేసుకుంటోంది!

ఇప్పుడు గొడవ.

బాధ్యత ఎవరిది? మావాడి వాదన ఏమిటంటే, "నేను తెచ్చి నాలుగు రోజులే అయింది, జబ్బు అక్కడిదే, కాబట్టి తలనొప్పీ వాళ్ళదే." ఇందులో సగం నిజముంది. ఈ వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా కొన్ని రోజుల నుంచి వారం, ఎక్కువంటే రెండు వారాలు పడుతుంది. శనివారం వచ్చిన కూనకి బుధ, గురువారాల్లో జబ్బు చేసిందంటే, అందులోనూ వేరే వేరే ఇళ్ళకెళ్ళిన రెండింటికీ ఒకేసారి వచ్చిందంటే, అది అక్కణ్ణుంచి మోసుకొచ్చిందే అనుకోవాలి. ఒప్పుకుంటా.

కానీ అయ్యా, మనం చేసే ఉద్యోగంలో అర్ధరాత్రి సర్వరు పడిపోతే ఏం చేస్తాం? "ఆ కోడ్ రాసింది నేను కాదు" అని పడుకుంటామా? ఆన్‌కాల్లో ఎవరుంటే వాళ్ళు ముందు సర్వరు లేపుతారు. తప్పెవరిదో మర్నాడు మీటింగులో తేల్చుకుంటాం. కంపెనీ సర్వరుకి ఇచ్చే ఆ మాత్రం మర్యాద ఊపిరున్న ప్రాణికి ఇవ్వలేమా? ఎవరింట్లో ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది వాళ్ళే. బిల్లు ఎవరిదన్నది తర్వాతి మాట.

ఇది నా సొంత కవిత్వం కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మూడో సెక్షన్ ఇదే చెప్తుంది. జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే దాని క్షేమానికి తగిన చర్యలన్నీ తీసుకోవడం వాళ్ళ విధి. ఎవరు కన్నారు, ఎవరిచ్చారు అని అడగదు. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితుల్లో తగిన కారణం లేకుండా వదిలేస్తే పదకొండో సెక్షన్ కింద నేరం కూడా. జరిమానా అంటారా, మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు! మనం చాయ్‌కి పెట్టే ఖర్చు. చట్టం ఇంత చవగ్గా ఉన్నచోట మనిషికి కొంచెం సిగ్గు ఎక్కువుండాలి.

పోనీ మావాడన్నట్టే పిల్లిని సరుకే అనుకుందాం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి తెలిసే ఉంటుంది, ఫ్లోరిడా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో 'పెట్ లెమన్ లా' అని ఉంది. కొన్న కుక్కకో పిల్లికో రెండు వారాల్లోపు అంటుజబ్బు బయటపడితే డబ్బు వెనక్కి అడగొచ్చు, ఇంకోదాన్ని అడగొచ్చు. మూడో దారి కూడా ఉంది. జంతువుని మనమే ఉంచుకుని వైద్యం చేయించి, ఆ ఖర్చు ఒక పరిమితి దాకా అమ్మినవాడి దగ్గర వసూలు చేసుకోవచ్చు. సరుకుగా చూసే చట్టం కూడా ఈ దారి వదిలిపెట్టింది. మనకి మాత్రం 'రిటర్న్' బటన్ ఒక్కటే కనిపిస్తుంది.

పైగా ఆ రిటర్న్ వల్ల జరిగేదేమిటో చూడండి. జబ్బుతో ఉన్న కూనని మళ్ళీ బుట్టలో వేసి ఊరంతా తిప్పడం ఒకటి. టీకాలు పడని మిగతా కూనల మధ్యకి వైరస్‌ని చేతులారా పంపించడం రెండోది. ఇక 'వేరేది' ఇంటికి తెచ్చుకుంటే అంతకన్నా ఘోరం. ఈ వైరస్ ఇంట్లో నేలమీదా, గుడ్డల్లోనూ నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచ్ కలిపిన నీళ్ళతో కడగాలి. ఆ ఇంట్లోకి టీకాల్లేని ఇంకో కూన రావడమంటే దాన్ని చావుకి పిలవడమే.

అలాగని ఇచ్చినాయన్ని వదలను. ఆయన డబ్బు తీసుకోలేదు, నిజమే. డబ్బివ్వలేదు కాబట్టి 2019 వినియోగదారుల చట్టం కింద నేను వినియోగదారుణ్ణి కూడా కాను. అయితే ఏంటి? ప్రాజెక్టు మారితే ఒక చిన్న స్క్రిప్టుకి కూడా నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అడుగుతాం. టీకా పడిందా, నులిపురుగుల మందు వేశారా, ఆ గదిలో ఈ మధ్య ఏదైనా చచ్చిపోయిందా.. ఇవి చెప్పకుండా ప్రాణిని చేతిలో పెట్టడం దానం కాదు, వదిలించుకోవడం. ఒక కూనకి జబ్బని తెలిసిన గంటలో మిగతావాళ్ళందరికీ ఒక్క మెసేజ్ పెట్టుంటే శుక్రవారం పొద్దున్నే నాకు తెలిసేది. ఖర్చులో వాటా కంటే ఆ మెసేజ్ నాకు ముఖ్యం.

ఇక తాతగారి మాట. మావైపు పిల్లిని చంపితే మహాపాపమని గట్టి నమ్మకం. అందుకే ఎవరూ చంపరు. గోనెసంచిలో కట్టి వేగావతి అవతల వదిలేస్తారు. పాపం అంటకుండా పనైపోతుంది. తాతగారిది పాతకాలం, ఆయన పిల్లిని ఎప్పుడూ 'అడాప్ట్' చేసుకోలేదు, అది గాదె కింద ఎలకల కోసం వచ్చింది, ఉంది. ఆయన్ని నేనేమీ అనను. మరి పేరు పెట్టి, ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుని, అరవై లైకులు ఏరుకుని, వారం తిరక్కముందే బుట్టలో పెట్టి వెనక్కిచ్చిన ఇంజనీరుకీ ఆ గోనెసంచికీ తేడా ఏమిటి? బుట్టకి గాలి ఆడుతుంది, అంతే.

"మనుషులకే దిక్కులేదు, పిల్లికి కారేసుకుని విశాఖా?" అని అడిగినవాళ్ళున్నారు. సాలూరు వాణ్ణి, ఆ మాటని కొట్టిపారెయ్యలేను. మా కొండల మీద రోడ్డు లేక గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చిన ఊళ్ళున్నాయి. కానీ ఆ రోడ్డు రాకపోవడానికి నా పిల్లి కారణం కాదు. నేను దాన్ని వదిలేసినంత మాత్రాన అక్కడ రోడ్డు పడదు. రోడ్డు కోసం అడగడం అందరి పని. ఆ కూన మాత్రం నా ఒక్కడి పని. తెమ్మని నన్నెవరూ బలవంతపెట్టలేదు.

డబ్బు లేదంటారా? అది వినదగ్గ మాటే. అయితే తెచ్చుకునే ముందే ఆలోచించాలి. తెచ్చాక చేతకాకపోతే మొదటి రోజే ఇచ్చినాయనకి ఫోన్ చేసి "ఇద్దరం కలిసి చూద్దాం" అనాలి. నాలుగు రోజులు చూసి "మార్చండి" అనకూడదు.

నా మట్టుకు నేను నేర్చుకున్నవి ఇవి:

1. టీకాల వివరాలు లేకుండా కూనని ఇవ్వొద్దు, తీసుకోవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, నాలుగో నెల దాకా వేయించాలి.
2. తెచ్చిన రెండ్రోజుల్లో డాక్టరుకి చూపించాలి. దగ్గర్లో పిల్లుల్ని చూసే డాక్టరెవరో తెచ్చుకోకముందే కనుక్కోవాలి.
3. కూన ఒక పూట తినకపోతే కనిపెట్టి చూడాలి. ఒక రోజు తినకపోతే బయల్దేరాలి. మన రిలీజు ఆగుతుంది, అది ఆగదు.
4. జబ్బని తెలిస్తే ఇచ్చినవాళ్ళకీ, దాని తోబుట్టువుల్ని తీసుకున్నవాళ్ళకీ అదే రోజు చెప్పాలి.

ఇంతకీ ఆ శుక్రవారం రిలీజు సోమవారం వెనక్కి తీసేశారు. ఏదో చిన్న మిస్టేకట. దానికి రోల్‌బ్యాక్ ఉంది మరి.

తోబుట్టువు కూడా పోయిందని తర్వాత తెలిసింది. మావాడు ఈ టపా చదువుతాడు. చదవాలనే రాశాను. కోపమొస్తే రానీ, మాట్లాడుకుందాం. బుధవారం నుంచి శుక్రవారం దాకా నేను చేసింది కూడా అతను చేసినదానికి మరీ దూరమేం కాదని నాకు తెలుసు.