డిస్‌ప్లే కరెక్టే, టేబులే జరిగింది

ఈసారి రోబోటిక్స్ క్లబ్ బడ్జెట్ లిస్టులో మొదటి లైను ఇది: మన చిన్న మిల్లింగ్ మిషన్‌కి మూడు మోటార్లు పెట్టి సీఎన్‌సీ చెయ్యాలి. నేను వద్దంటున్నాను. గ్రూపులో ఆ మాట అనగానే ఒకరు "నువ్వు సీఎస్‌ఈ, నీకెందుకు ఈ మిషన్ గోల" అన్నారు. ఇంకొకరు "పోయినేడు డీఆర్‌వో కావాలని గొడవ చేసింది నువ్వే కదా" అన్నారు. రెండోది నిజమే. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

డీఆర్‌వో అంటే డిజిటల్ రీడౌట్. మిల్లింగ్ మిషన్ టేబుల్ ఎంత జరిగిందో స్క్రీన్ మీద చూపించే డబ్బా. అది లేనప్పుడు హ్యాండిల్ దగ్గరున్న డయల్ మీద గీతలు లెక్కపెట్టుకోవాలి. మన మిషన్‌లో హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే టేబుల్ 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే 32 మిల్లీమీటర్లు పోవాలంటే 16 చుట్లు. పదకొండో చుట్టులో ఎవడో వచ్చి "క్యాంటీన్‌కి వస్తావా" అంటాడు, అంతే సంగతులు. పైగా బ్యాక్‌లాష్ ఒకటి. స్క్రూకీ నట్టుకీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి హ్యాండిల్ వెనక్కి తిప్పితే మొదట కొంచెంసేపు డయల్ తిరుగుతుంది గానీ టేబుల్ కదలదు.

కొందరు సీనియర్లు "డీఆర్‌వో పెడితే చేతికి పని రాదు" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. చుట్లు లెక్కపెట్టడం విద్యేం కాదు, బాధ. డీఆర్‌వో స్కేల్ స్క్రూని చూడదు, టేబుల్‌నే నేరుగా చూస్తుంది. కాబట్టి స్క్రూలో ఎంత బ్యాక్‌లాష్ ఉన్నా కొలతకి సంబంధం లేదు. మన సీఎస్ వాళ్లకి దాని లోపలి పని కూడా నచ్చుతుంది. గాజు స్కేల్ మీద 20 మైక్రాన్లకి ఒకటి చొప్పున సన్నటి గీతలుంటాయి. రీడింగ్ హెడ్‌లోంచి రెండు సిగ్నల్స్ వస్తాయి, ఒకదానికొకటి పావు వంతు జరిగి. రెండు సిగ్నల్స్‌కి కలిపి నాలుగు స్టేట్స్, కాబట్టి 20 ని నాలుగుతో భాగిస్తే 5 మైక్రాన్లు. ముందు ఏది మారిందో చూస్తే ఏ దిక్కుకి పోతోందో తెలుస్తుంది. ఆర్డుయినోతో రోటరీ ఎన్‌కోడర్ చదివినవాళ్లకి ఇది పాత కథే.

బిగించడానికి మాకు రెండు శనివారాలు పట్టింది. టేబుల్ వెనక డ్రిల్లు వేసి ట్యాప్ కొట్టడం ఈజీ. కష్టమల్లా స్కేల్‌ని టేబుల్ నడకకి సమాంతరంగా పెట్టడమే. పోత ఇనుము వెనకవైపు గరుకుగానే ఉంటుంది, అక్కడ ఎవరూ మిషనింగ్ చెయ్యరు. కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి ఆ ముక్కలు స్కేల్ వెనక పెట్టి, డయల్ గేజ్ ఆనించి, టేబుల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి నడిపిస్తూ సరిచేశాం. ఇక్కడ నాకో డౌటొచ్చి లెక్క చేశాను. స్కేల్ 300 మిల్లీమీటర్లకి ఒక మిల్లీమీటర్ వంకరగా ఉన్నా కొలతలో తేడా రెండు మైక్రాన్లు కూడా రాదు. మరి ఇంత కష్టం దేనికి? కొలత కోసం కాదు, హెడ్ కోసం. వంకరగా ఉంటే కొంత దూరం పోయాక హెడ్ రాసుకుంటుంది, పాడైపోతుంది. రబ్బరు పెదాలున్న వైపు కిందికి పెట్టాం, ఇనప రజను లోపలికి పోకుండా. స్విచ్ వెయ్యగానే 0.000 అని ఎర్రగా వెలిగితే అందరం చప్పట్లు కొట్టాం. ఆ మూడు సున్నాలే మమ్మల్ని ముంచాయి.

ఈ సెమిస్టర్ మొదట్లో గేర్‌బాక్స్ ప్లేట్ చేశాం. మాడ్యూల్ 1 గేర్లు, ఒకదానికి 24 పళ్లు, ఇంకోదానికి 40. రంధ్రాల మధ్య దూరం సరిగ్గా 32 మిల్లీమీటర్లు ఉండాలి. ప్లేట్‌కి డ్రిల్లు వేసింది ఈసీఈ ఫస్టియర్ అమ్మాయి. గేర్లు పెట్టి తిప్పితే తిరగలేదు, పట్టేశాయి. రంధ్రాల్లో పిన్నులు పెట్టి కొలిస్తే 31.9 చిల్లర. ఈవెంట్‌కి రెండు రోజులుంది, రెండో ప్లేట్‌కి సరిపడా అల్యూమినియం లేదు.

"అన్నా, డ్రిల్లు దిగేటప్పుడు టేబుల్ కొంచెం జరిగినట్టు అనిపించింది" అంది.

"స్క్రీన్ మీద 32.000 ఉంది కదా, ఇంకెక్కడ జరుగుతుంది? వైస్‌లో ప్లేట్ సరిగ్గా బిగించి ఉండవు" అన్నాను. ఆరుగురి ముందు అన్నాను. ఇంకా రెండు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆ అమ్మాయి గాగుల్స్ తీసి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. తర్వాత మూడు వారాలు క్లబ్‌కి రాలేదు.

మర్నాడు వర్క్‌షాప్ ఫిట్టింగ్ సెక్షన్ మేస్త్రి గారిని పిలిచాం. ఆయన స్క్రీన్ వైపు చూడనే లేదు. టేబుల్‌ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపారు. "ఏం బాబూ, గిబ్‌లు ఎప్పుడు బిగించారు?" అన్నారు. గిబ్ అంటే ఏంటో మాలో సగంమందికి తెలీదు. డయల్ గేజ్ ఆనించి మళ్లీ ఊపమన్నారు. ముల్లు 12 గీతలు, అంటే 0.12 మిల్లీమీటర్లు అటూ ఇటూ పోయింది. వై డిస్‌ప్లేలో ఒక్క అంకె మారలేదు.

ఎందుకు మారలేదో అర్థమయ్యేసరికి నాకు సిగ్గేసింది. మిషన్ అడుగున బేస్, దాని మీద ముందుకీ వెనక్కీ పోయే సాడిల్, సాడిల్ మీద ఎడమకీ కుడికీ పోయే టేబుల్. మేం పెట్టిన వై స్కేల్ బేస్‌కీ సాడిల్‌కీ మధ్య ఉంది. సాడిల్ సరిగ్గానే 32.000 జరిగింది. దాని మీద టేబుల్ వదులుగా ఉండి ఊగింది. ఆ ఊపు కొలిచేవాడే అక్కడ లేడు. ప్రింట్ స్టేట్‌మెంట్ పెట్టిన చోట వేరియబుల్ కరెక్ట్‌గానే ఉంది, బగ్ తర్వాతి ఫంక్షన్‌లో ఉంది. కొలిచే గీత, కొలవాల్సిన చోటు ఒకే వరసలో ఉండాలని ఎర్నెస్ట్ అబే 1890లోనే రాశాడు. మనకి మెట్రాలజీ సబ్జెక్ట్ లేదు కాబట్టి తప్పించుకున్నాం అనుకుంటాం, మిషన్ ఊరుకోదు.

గిబ్ అంటే స్లైడ్‌కి పక్కనుండే సన్నటి ఇనప పట్టీ. అరిగిన కొద్దీ దాన్ని స్క్రూలతో లోపలికి నొక్కుతూ ఉండాలి. ప్రతి స్క్రూకీ ఒక లాక్‌నట్ ఉంటుంది. నట్ వదులు చేసి, అలెన్ కీతో స్క్రూ కొద్దిగా బిగించి, హ్యాండిల్ తిప్పి చూడాలి. కాస్త బరువుగా కదలాలి, పట్టెయ్యకూడదు. అసలు చిక్కు నట్ దగ్గర. నట్ బిగిస్తుంటే స్క్రూ కూడా దాంతో పాటు తిరిగిపోతుంది, సెట్టింగ్ పోతుంది. ఒక చేత్తో కీ కదలకుండా పట్టుకుని రెండో చేత్తో స్పానర్ తిప్పాలి. నాకు మొదటి స్క్రూకే అరగంట పట్టింది. అన్నీ అయ్యాక మళ్లీ ఊపితే ముల్లు రెండు గీతలు కూడా దాటలేదు. హెడ్ నిటారుగా ఉందో లేదో కూడా చూశాం, అది పెద్దగా తేడా లేదు.

తమాషా ఏంటంటే గిబ్ బిగించాకే డీఆర్‌వో అసలు విలువ తెలిసింది. డ్రిల్లు వేసే ముందు సాడిల్ లాక్ బిగిస్తే వై అంకె కొంచెం జారుతుంది. ఎంత జారిందో చూస్తే ఆ స్లైడ్‌లో గిబ్ ఎంత వదులుగా ఉందో చెప్పెయ్యొచ్చు. డయల్‌తో ఇది తెలిసే దారే లేదు.

ఇప్పుడు మోటార్ల సంగతి. డీఆర్‌వో బ్యాక్‌లాష్‌ని పట్టించుకోనక్కర్లేకుండా చేస్తుందే గానీ తీసెయ్యదు. స్క్రూలో ఖాళీ అలాగే ఉంది. ఫీడ్ దిక్కుకే కట్టర్ కోస్తుంటే టేబుల్‌ని ఆ ఖాళీ మేర ముందుకి లాగేసుకుంటుంది. చేత్తో తిప్పేవాడికి ఆ గుంజుడు తెలుస్తుంది, ఆగుతాడు. మోటార్‌కి తెలీదు. ఇదే స్క్రూలకి మోటార్లు పెడితే ఊగే టేబుల్‌ని ఇంకా స్పీడుగా ఊపుతాం, అంతే. కావాలంటే వచ్చే ఏడు బాల్‌స్క్రూలతో కలిపి అడుగుదాం. ఈసారికి నేను అడిగేవి మూడే: మాగ్నెట్ స్టాండ్‌తో మనకంటూ ఒక డయల్ గేజ్, గిబ్ సెట్టింగ్ తేదీ రాసే ఒక నోట్‌బుక్, ఫస్టియర్ వాళ్లు కూడా అలెన్ కీ పట్టుకునే ఒక శనివారం. దీనికి మోటార్ల డబ్బులో పదో వంతు కూడా అవ్వదు.

ఆ అమ్మాయికి మెసేజ్‌లో సారీ చెప్పాను, "పర్లేదన్నా" అంది. కానీ అన్నది అందరి ముందు, సారీ చెప్పింది విడిగా. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు టేబుల్ జరిగింది. నువ్వు చెప్పిందే కరెక్ట్. పాత ప్లేట్ నా డెస్క్ మీదే ఉంది. కొత్త ప్లేట్‌కి అల్యూమినియం సోమవారం వస్తోంది, డ్రిల్లు నువ్వే వెయ్యాలి.