క్యాన్సర్ మందులు: ఫార్మసిస్టుకు ప్రత్యేక శిక్షణ అవసరం

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో కీమోథెరపీ పొంది నకిరేకల్‌కు తిరిగివచ్చిన రోగికి మరునాడు ఏ ఇబ్బంది కలిగినా, ఇంటివారు ముందుగా వెళ్ళేది దగ్గరలోని మందుల దుకాణానికే. అందుచేత ఆ ఫార్మసిస్టుకు క్యాన్సర్ మందులపై ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నా అభిప్రాయం.

కీమోథెరపీ వలన తెల్లరక్తకణాలు తగ్గినవారిలో 100.4 డిగ్రీల జ్వరం కూడా అత్యవసర పరిస్థితియే. పారాసిటమాల్ బిళ్ళతో జ్వరం అణగవచ్చును గాని ఇన్ఫెక్షన్ అణగదు. కాపెసిటబిన్ బిళ్ళలను సాధారణంగా 14 రోజులు వాడి 7 రోజులు ఆపుతారు. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండితే వెంటనే వైద్యునికి తెలపాలి. మార్ఫిన్ వాడేవారికి మలబద్ధకం రాకుండా మొదటి రోజు నుండే విరేచనకారి మందు తోడుగా అవసరం.

అమెరికాలో ఆంకాలజీ ఫార్మసీని 1996లోనే ప్రత్యేక శాఖగా గుర్తించారు. మన దేశంలో ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సు 2008లో మొదలైంది. ఆ పట్టభద్రులకూ, ప్రభుత్వ ఆసుపత్రుల ఫార్మసిస్టులకూ ఎం.ఎన్.జె. వంటి సంస్థలో కొన్ని నెలల శిక్షణ ఇచ్చి, తరువాత పట్టణాల దుకాణదారులకు వారిచేతనే తరగతులు నడిపించవచ్చును.

ఫార్మసిస్టు వైద్యుడు కాడని కొందరు ఆక్షేపిస్తారు. నిజమే. ఆయన చికిత్స చేయనక్కరలేదు. ఏ ప్రశ్న అడగాలో, ఎవరిని ఆలస్యం చేయక ఆసుపత్రికి పంపాలో తెలిస్తే చాలును.

అంతవరకు పాఠకులకు ఒక మనవి: మీ ఇంట కీమోథెరపీ పొందుతున్నవారుంటే, ఏ మందు కొన్నా ఆ సంగతి ముందుగా చెప్పండి.