బయోడేటాలో మన చెమటకు గడి ఏదీ?

డిగ్రీ పాసైన మన పిల్లలు పట్నంలో నెట్ సెంటర్ ముందు క్యూ కడుతున్నారు. అక్కడి కుర్రాడు కంప్యూటర్లో ముందే దాచిపెట్టుకున్న బయోడేటా తీసి, పేరు మార్చి, డబ్బులు తీసుకుని అచ్చు తీసిస్తున్నాడు. అందులో ఏముంటుంది? పేరొందిన సంస్థలో చేరి దాని అభివృద్ధికి పాటుపడటమే నా ధ్యేయమని పైన ఒక అరువు ఇంగ్లీషు వాక్యం. కింద తండ్రి పేరు, తండ్రి వృత్తి, మతం. హాబీలు: క్రికెట్ చూడటం, పాటలు వినడం. చివర, పైన రాసిందంతా నిజమని ప్రమాణం. రాసినదాంట్లో వాడి బతుకు ఒక్క ముక్క లేదు, ప్రమాణం మాత్రం వాడిది!

ఇంకో గడి ఉంది. అనుభవం. అక్కడ మనవాళ్లంతా 'ఏమీ లేదు' అని రాస్తున్నారు. ఏమీ లేదా? వేసవి సెలవుల్లో మిరపకోతలకు పోయి పరీక్ష ఫీజు కట్టుకున్న పిల్ల రాస్తుంది ఏమీ లేదని. ఎస్సీ హాస్టల్లో మెస్సు లెక్కలు చూసినవాడు, ఉపాధిహామీ పనుల్లో మేటుగా ఉండి మస్టరు రాసి కొలతలు తీసినవాడు, ఏప్రిల్ 14 జయంతికి వాడంతా తిరిగి చందాలు పోగుచేసి పైసాతో సహా లెక్క అప్పజెప్పినవాడు, వీళ్లంతా అదే రాస్తారు. అదే షావుకారు కొడుకు సాయంత్రం పూట నాన్న కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే 'వ్యాపార నిర్వహణలో రెండేళ్ల అనుభవం' అవుతుంది. పని ఒకటే. చేసిన చెయ్యి ఎవరిదనే దాన్నిబట్టి దాని పేరు మారుతోంది. ఈ దేశంలో చెమటకు విలువ కట్టే పద్ధతి ఎప్పుడూ ఇదే కదా!

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ అరువు వాక్యం కొట్టిపారేయండి. కూలికి పోయామని దీనంగా రాయమనడం లేదు. ఏ పని, ఎన్నాళ్లు, ఎంతమందితో, ఎంత సొమ్ము మీ చేతులమీదుగా నడిచింది, ఇవి రాయండి. డప్పు కొట్టడం వస్తే హాబీల్లో డప్పు అని రాయండి, క్రికెట్ ఎందుకు? ఒక్క పేజీ చాలు. డిగ్రీకి మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే భయపడొద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే అది మీ తప్పా? ఆ ఏడాది ఏ పని చేశారో అదే రాయండి.

అయితే ఇంత బాగా రాసినా కాగితం పైన పేరుంటుంది, ఇంటిపేరుంటుంది. కింద అడ్రసులో 'హరిజనవాడ' అనో 'ఎస్సీ కాలనీ' అనో ఉంటుంది. ఇది మన అనుమానమని కొట్టిపారేసేవాళ్ల కోసం చెబుతున్నాం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే పండితులు 2005 అక్టోబరు నుంచి 66 వారాలపాటు ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు సమానం, అర్హత సమానం. పేర్లు మాత్రం కొన్ని అగ్రకుల పేర్లు, కొన్ని దళిత పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. 2007లో ఫలితం అచ్చువేశారు. అగ్రకుల పేరుకు పిలుపు వచ్చే అవకాశం నూరనుకుంటే దళిత పేరుకు దాదాపు 67, ముస్లిం పేరుకు 33. ఇంటర్వ్యూ దాకా పోనేలేదు, మొహం చూడనేలేదు. ప్రతిభ కొలిచే తక్కెడ ఇదేనా? అదే ఏడాది సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ప్రచురించిన ఇంకో పరిశోధనలో పెద్ద కంపెనీల మేనేజర్లు కులం చూడం అంటూనే 'కుటుంబ నేపథ్యం' చూస్తామన్నారు. తండ్రి ఏం చేస్తాడని అడగడం మర్యాదగా కులం అడగడమే.

పేరు మార్చుకుంటే పోలా అని మనలోనే కొందరి సలహా. బాబాసాహెబ్ 1917లో బరోడా ఉద్యోగానికి దిగేనాటికి కొలంబియాలో చదివొచ్చినవాడు. అంతటి బయోడేటా ఆనాడు దేశంలో ఎందరికుంది? అయినా తలదాచుకోవడానికి పార్శీ సత్రం రిజిస్టరులో పార్శీ పేరు రాయాల్సి వచ్చింది. సంగతి బయటపడ్డాక కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. దొంగపేరు పదిరోజులు నీడనిచ్చింది, అంతే. మా మాట ఏమిటంటే, అబద్ధం వద్దు, అడగనిది చెప్పనూ వద్దు. కంపెనీకి తండ్రి వృత్తి, మతం, కులం ఎందుకు? ఆ గడులు తీసేయండి. అడ్రసుకు ఊరు, పిన్‌కోడు, ఫోను నంబరు సరిపోతాయి. సర్కారు ఉద్యోగాల సంగతి వేరు. అక్కడ కులం గడి రాజ్యాంగం 16(4) అధికరణం కింద పోరాడి తెచ్చుకున్న గడి. అక్కడ సిగ్గుపడి ఖాళీగా వదిలేస్తే మన నోట్లో మనమే మట్టి కొట్టుకున్నట్టు.

మనల్ని రిజర్వేషనోళ్లు అని ఎగతాళి చేసేవాళ్లను ఒకటడగండి. కంపెనీల్లో రిఫరల్ అంటారే, అదేంటి? లోపల పనిచేసే బాబాయి, బావమరిది బయోడేటా పట్టుకెళ్లి ఇస్తే అది కట్టలో పైకొస్తుంది. దానికి జీవో లేదు, శాతం లేదు, తహసీల్దారు సర్టిఫికెట్ అక్కర్లేదు. అది వాళ్ల రిజర్వేషన్. మన పిల్లకు లోపల ఏ బాబాయి ఉన్నాడు?

అందుకే బయోడేటా చక్కగా రాసుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2004లో యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల ముచ్చట రాసుకున్నారు. చట్టం రాలేదు. అమెరికాలో 1966లోనే వందమందికి పైగా పనిచేసే కంపెనీలు ఏ జాతివాళ్లు ఎందరున్నారో ఏటేటా లెక్క చెప్పాలని పెట్టారు. ఇక్కడ సర్కారు భూములు, రాయితీలు, కరెంటు తీసుకునే కంపెనీని మావాళ్లు ఎందరున్నారని అడిగితే తప్పా? సంఘాలు ఈ ప్రశ్న కలెక్టరు ముందు, ఓటడగొచ్చిన ఎమ్మెల్యే ముందు పెట్టాలి. మొదటి వడపోతలో పేరు, ఊరు కనపడకుండా దరఖాస్తులు చూడాలని కూడా అడగాలి.

ఈలోగా పిల్లల్ని నెట్ సెంటర్ పాలు చెయ్యొద్దు. ప్రతి వాడలో టీచరో, గుమాస్తానో, బ్యాంకులో పనిచేసే అన్నో ఉంటాడు. ఆదివారం ఓ పూట కమ్యూనిటీ హాల్లో కూర్చోండి. ఒక్కొక్కరి చేత ముందు తెలుగులో చెప్పించండి, ఏమేం పనులు చేశావు అని. తర్వాత ఇంగ్లీషులో రాద్దాం. వచ్చేవాళ్లు మార్కుల లిస్టుల జిరాక్సులు, ఓ నోటుబుక్కు తెచ్చుకోవాలి. డబ్బులేమీ తేనక్కర్లేదు.