మొలక మేస్తున్న కృష్ణజింకలు: చట్టానికీ చేనుకూ మధ్య మక్తల్ రైతు

మక్తల్: తొలకరి వానలకు పత్తి గింజ మొలకెత్తింది మొదలు మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల రైతులకు కంటిమీద కునుకు కరవవుతోంది. కృష్ణా తీరపు నల్లరేగడి భూముల్లో సంచరించే కృష్ణజింకల మందలు తెల్లవారుజామున, మళ్లీ పొద్దువాలే వేళ చేలల్లోకి దిగి లేత మొలకలను కొరికివేస్తున్నాయి. తిన్నదానికంటే తొక్కి పాడుచేసినదే ఎక్కువ. రెండోసారి విత్తనం కొనవలసి రావడం, అప్పటికి అదను దాటిపోవడం ఇక్కడి సేద్యంలో మామూలైపోయింది.

నష్టపోతున్నది రైతే అయినా జింకదీ ఆక్రమణ కాదు. ఈ జంతువు దట్టమైన అడవిలో బతికేది కాదు. దానికి కావలసింది చెట్టు చేమ తక్కువగా ఉండే గడ్డి మైదానం. రెవెన్యూ దస్త్రాల్లో బీడుగా, బంజరుగా నమోదైన నేలలే తరతరాలుగా దాని ఆవాసం. ఆ బీళ్లు సాగులోకి వచ్చాయి. భీమా ఎత్తిపోతల పథకం కింద సంగంబండ, భూత్పూర్ జలాశయాలతో నీరూ వచ్చింది. వేటాడే తోడేళ్లు అరుదయ్యాయి. గడ్డి పోయి పైరు మిగిలినచోట ఇర్రి, లేడి పైరునే మేస్తాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చింది. వేటాడినవారికి మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష పడవచ్చు. అదే చట్టంలోని 11వ సెక్షన్ ఈ షెడ్యూలులోని జంతువును మనిషి ప్రాణానికి ముప్పు కలిగించినప్పుడో, కోలుకోలేని వ్యాధి సోకినప్పుడో తప్ప చంపేందుకు అనుమతించదు. పంట నష్టం అందుకు కారణం కాదు. అడవి పంది విషయంలో ఉన్న వెసులుబాటు ఇక్కడ లేదన్నమాట. ఇది సబబే. కానీ రక్షణ భారమంతా చిన్న రైతు నెత్తిన పడటమే సబబు కాదు.

పాత చీరలు చుట్టూ కట్టడం, డబ్బాలు మోగించడం, మంచెపై కాపలా కాయడం కొద్దిరోజులే పనిచేస్తాయి. అలవాటుపడ్డ మంద బెదరదు. సోలార్ కంచె ఖర్చు రెండెకరాల రైతుకు అందేది కాదు. కొందరు కంచెకు కరెంటు పెట్టే సాహసం చేస్తారు. అది నేరమే కాదు, రాత్రివేళ నీరు కట్టేందుకు వెళ్లే పక్క చేను రైతు ప్రాణానికే ఎసరు.

పరిహారం లెక్కలోనూ చిక్కుంది. కోతకొచ్చిన పంట పోతే అంచనా వేయడం సులువు. మొలక దశలో పోయినదాన్ని రైతు మళ్లీ విత్తేస్తాడు, అధికారి వచ్చేసరికి చేను పచ్చగానే కనిపిస్తుంది. విత్తనం, కూలి, పోయిన అదను ఎవరి లెక్కలోకీ రావు. పట్టా లేని కౌలు రైతుకైతే దరఖాస్తు చేసుకోవడమే కష్టం.

ఇక తరలింపు. జింకను వలవేసి పట్టుకుంటే బెదిరిపోయి ఆ ఒత్తిడికే చనిపోయే ప్రమాదముంది. అందుకే మధ్యప్రదేశ్‌లో 2025 అక్టోబరులో వేరే పద్ధతి అనుసరించారు. హెలికాప్టర్‌తో మందలను మెల్లగా గరాటు ఆకారపు బోమా ఆవరణలోకి మళ్లించి, 800కు పైగా కృష్ణజింకలను పొలాల నుంచి అభయారణ్యాలకు చేర్చారు. మక్తల్ ప్రాంతంలో అలాంటి ప్రయత్నం చేయాలన్నా ముందు గడ్డి, నీరు ఉన్న మైదానం చూడాలి. అమ్రాబాద్ వంటి అడవి ఈ జంతువుకు సరిపడదు.

ఈ విషయంలో కర్నూలు వైపు అనుభవం పనికొస్తుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలపై పడటంతో గ్రామాల్లో అభయారణ్యంపైనే వ్యతిరేకత వచ్చింది. ఒక ప్రాణిని కాపాడబోతే మరొకటి రైతుకు కంటగింపైంది.

మరొక సంగతి. మందలకు రాష్ట్ర సరిహద్దు తెలియదు. పక్కనే కర్ణాటకలోని రాయచూరు, యాదగిరి జిల్లాలున్నాయి. నారాయణపేట జిల్లా అటవీ సిబ్బంది ఒక్కరే లెక్కించి, ఒక్కరే పట్టి తరలిస్తే ఖాళీ అయిన మేతకు అవతలి మందలు రావచ్చు. ఇరువైపులా ఒకేసారి గణన జరగాలి, అదీ ఎండాకాలంలో, విత్తులు పడకముందే.